పిటిషన్‌కు రసీదు: ఒక చిన్న పట్టణంలో పోలీసుల మీద పౌర పర్యవేక్షణ

నేపథ్యం

పోలీసులకిచ్చిన ప్రతి పిటిషన్‌కూ రసీదు ఇప్పించి, దానికి జవాబు వెళ్లిందో లేదో ఊరివాళ్లే చూసిన సంగతి ఇది. కోస్తాలో మార్కెట్ యార్డు ఉన్న ఒక చిన్న మున్సిపల్ పట్టణంలో జరిగింది. ఊరి పేరు, జిల్లా, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. అప్పట్లో నేను పేదలకు ఉచిత న్యాయసాయం అందించే మండల న్యాయ సేవాధికార కమిటీలో ప్యానెల్ లాయరుని. ఇటు పోలీసుల మనిషినీ కాదు, అటు సంఘాల మనిషినీ కాదు. అందుకే రెండు వైపులవాళ్లూ కూర్చోబెట్టి మాట్లాడారు. రెండు వైపులా కాస్త అనుమానంగానూ చూశారు.

పట్టణం మొత్తానికి ఒకటే టౌన్ స్టేషన్. ఒక సి.ఐ., ఇద్దరు ఎస్.ఐ.లు, ఉండాల్సినదానికన్నా తక్కువ సిబ్బంది. వి.ఐ.పి. పర్యటన అన్నా జాతర అన్నా ఉన్నవాళ్లలో సగం మంది బందోబస్తుకు పోతారు. రైలు కట్టకు అవతల హమాలీలు, ఆటో డ్రైవర్లు, తోపుడు బళ్లవాళ్లు ఉండే కాలనీ ఒకటుంది. టౌనులో ఎక్కడ దొంగతనం జరిగినా మొదటి జీపు ఆ కట్ట దాటేది. అక్కడ కొందరి మీద ఎప్పటివో రౌడీషీట్లు (నిఘా పెట్టాల్సిన వాళ్లని స్టేషన్లో తెరిచే రికార్డులు) ఉన్నాయి. పెళ్లయి పిల్లలున్నవాళ్లు కూడా ఆదివారం స్టేషనుకెళ్లి కౌన్సెలింగ్ పేరుతో వరసలో నిలబడి రావాల్సిందే.

పోలీసుల మీద ఫిర్యాదు వస్తే ఎవరు వినాలన్నది చట్టపరంగా తేలని విషయమేం కాదు. ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్‌లోనే చెప్పింది. డీఎస్పీ స్థాయి వరకూ ఉన్నవాళ్ల మీద ఫిర్యాదులు వినడానికి రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడిగా జిల్లా స్థాయి పోలీస్ ఫిర్యాదుల అథారిటీ, ఎస్పీ, ఆపై స్థాయి వాళ్లకు రాష్ట్ర అథారిటీ ఉండాలంది. మా కాలనీ మనిషికి మాత్రం ఆ జిల్లా అథారిటీ గుమ్మం ఎక్కడుందో చూపించగలిగినవాడు లేడు. ఎస్పీ ఆఫీసులో సోమవారం గ్రీవెన్స్ ఉంది. అక్కడికి వెళ్లాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ పోతాయి. ఇచ్చిన అర్జీ కింద సంతకాలు చేయించుకుంటూ చివరికి అదే స్టేషన్‌కు ఎంక్వయిరీకి వస్తుంది.

సమస్య బయటపడిన తీరు

కొత్త క్రిమినల్ చట్టాలు 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన తర్వాతి మాట ఇది. ఒకరోజు తెల్లవారుజామున కాలనీలో కార్డన్ సెర్చ్ చేశారు. మామూలుగా జరిగేదే. నాలుగు దారులూ మూసి, ఇంటింటికీ వెళ్లి ఆధార్ కార్డులు అడిగి, కాగితాలు చూపించలేదని బళ్లు ఎత్తుకెళ్లారు. చాలామంది దగ్గర ఆర్.సి. ఫోనులో ఉంది. అది చెల్లుతుందని వినడానికి ఆ పూట ఎవరికీ తీరిక లేదు. ఒక హమాలీ కుర్రాడు బండి తాళం ఇవ్వనని వాదించాడు. చెంపదెబ్బ పడింది. స్టేషనుకు తీసుకెళ్లి మర్నాడు ఉదయం పంపారు. ఎక్కడా రాసుకోలేదు. కొట్టినప్పటి వీడియో మధ్యాహ్నానికల్లా ఊళ్లో అందరి వాట్సాప్‌లోకీ చేరింది. సాయంత్రం స్టేషన్ ముందు రాస్తారోకో, ఒక రాయి, ఒక అద్దం పగలడం, ఆ రాయి మీద కొందరిపై కేసు.

పైకి కనిపించిన సమస్య చెంపదెబ్బే. నేను కాలనీలో కూర్చుని విన్నప్పుడు మాత్రం దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఒకామె మొగుడు కొడుతున్నాడని మూడుసార్లు పిటిషన్ ఇచ్చింది, అదేమైందో తెలియదు. ఒకాయన ఆటో బ్యాటరీ పోయింది, 'చూద్దాంలే' అన్నారు. చిట్టీల వాడు డబ్బు ఎగ్గొడితే స్టేషన్లోనే పంచాయితీ పెట్టి సగానికి ఒప్పించారు. వీళ్లందరి మాట ఒకటే: మేం వెళ్తే కాగితం తీసుకుంటారు, ఆ తర్వాత దానికి అయిపూ అజా ఉండదు. వాళ్లు వస్తే మాత్రం అన్నీ తీసుకుపోతారు.

ఆ కుర్రాడి విషయంలో మొదటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లొచ్చు, మెజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయొచ్చు, శాఖాపరమైన విచారణ అడగొచ్చు. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "మీరు కేసూ గీసూ అంటే రేపు మావాడు ఏ సందులో ఎవరికి దొరుకుతాడండీ? ముందు బండి ఇప్పించండి బాబూ" అంది. ఆమె భయం నిజమైనదే. కేసు వేసేది నేను, రాత్రి పన్నెండింటికి యార్డు నుంచి ఇంటికొచ్చేది వాడు. కాబట్టి కేసు వాళ్ల ఇష్టానికి వదిలేశాం. కానీ సాక్ష్యం వాళ్ల ఇష్టం తేలేదాకా ఆగదు. ఆరోజే ఎస్పీకి ఒక దరఖాస్తు పెట్టాం: ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకు స్టేషన్ సీసీ కెమెరాల రికార్డింగు భద్రపరచండి అని. ఎవరి మీదా ఆరోపణ లేదు, అడిగింది భద్రపరచమని మాత్రమే. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు లాకప్పు, వరండా, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గదితో సహా అన్నిచోట్లా కెమెరాలుండాలని, రికార్డింగు 18 నెలలు ఉంచాలని, అంత సామర్థ్యమున్న పరికరాలు దొరకకపోతే కనీసం ఏడాదైనా ఉంచాలని చెప్పింది. నేలమీద అన్ని రోజులు ఉంటుందని నమ్ముకుని కూర్చుంటే డీవీఆర్ (కెమెరాల రికార్డింగు దాచే పెట్టె) పాతదాన్ని తుడిచి కొత్తది రాసుకుంటూ పోతుంది. ఆర్టీఐ వేసి, తిరస్కరిస్తే అప్పీలు చేసి, అదంతా తేలేసరికి చూడ్డానికేమీ మిగలదు. అందుకే ముందు భద్రపరచమని అడగాలి, ఇవ్వమని తర్వాత అడగొచ్చు.

జవాబు వచ్చింది: వరండా కెమెరా రిపేరులో ఉంది. ఆ ఒక్క వాక్యం తర్వాత ఎంత పనికొచ్చిందో కింద చెప్తాను.

మొదట చేసినవి

రాస్తారోకో అయిన వారానికి శాంతి కమిటీ పిలిచారు. వినాయక చవితికీ రంజానుకీ పిలిచే జాబితానే. వర్తక సంఘం, రిటైర్డ్ ఉద్యోగులు, మత పెద్దలు, కౌన్సిలర్లు. కాలనీ వాళ్లు కల్యాణ మండపంలో వెనక నిలబడ్డారు. వేదిక మీదివాళ్లు 'ప్రజలు సహకరించాలి' అన్నారు. శాలువాలు, టీ, ఫోటో. ఆ కమిటీని తీసిపారేయను. పండగ ఊరేగింపు ఏ వీధిలో వెళ్లాలో తేల్చడానికి అది బాగానే పనిచేస్తుంది. కానీ అందులో కూర్చున్న ఎవరి బండీ స్టేషన్ ఆవరణలో లేదు.

తర్వాత వాలీబాల్ పోటీ, మెడికల్ క్యాంపు పెట్టారు. సి.ఐ. గారు మనస్ఫూర్తిగానే చేశారు, తన జేబులోంచి కూడా ఖర్చు పెట్టారు. కుర్రాళ్లు వచ్చారు, ఆడారు, టీషర్టులు తీసుకున్నారు. ఆట అయ్యాక ఒకడు సి.ఐ.తో సెల్ఫీ దిగి, "సార్, నా బండెప్పుడిస్తారు?" అని అడిగాడు. ఆయన దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత ఫిర్యాదుల పెట్టె. దాన్ని స్టేషన్ వరండాలోనే, సెంట్రీ కానిస్టేబుల్ ఎదురుగా తగిలించారు. తెరిస్తే వీధి దీపాలు, మురుగు కాలువ, కుక్కల బెడద గురించి చీటీలు వచ్చాయి. పోలీసుల మీద ఒక్కటీ లేదు. దాన్ని చూపించి 'మా మీద కంప్లయింట్లు లేవు' అని రిపోర్టు రాశారు కూడా.

అన్నిటికన్నా ప్రమాదకరంగా తేలింది వాలంటీర్ల పథకం. కాలనీ నుంచి కొందరు కుర్రాళ్లను ఎంచుకుని, ఐడీ కార్డులిచ్చి, రాత్రి గస్తీలో పోలీసులకు తోడుగా తిప్పారు. ఉద్దేశం మంచిదే. కొద్ది వారాల్లో వాళ్లలో ఒకడు బస్టాండు దగ్గర తోపుడు బళ్లవాళ్లను దబాయించడం మొదలుపెట్టాడు. కాలనీకి పోలీసుల్లో మన మనిషి దొరకలేదు, మన వీధిలో ఇంకొక పోలీసు తయారయ్యాడు. నేను అభ్యంతరం చెప్పినప్పుడు డీఎస్పీ గారికి తమిళనాడు సంగతి గుర్తుచేశాను. అక్కడ ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ అనే స్వచ్ఛంద దళం 1990ల నుంచీ ఉండేది, మంచి పేరు కూడా ఉండేది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు కస్టడీలో చనిపోయినప్పుడు ఆ దళం మీద కూడా ఆరోపణలొచ్చాయి, జూలైలో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పోలీసులకు సాయం చేసేవాళ్లు వేరు, పోలీసుల పని చూసేవాళ్లు వేరు. ఆ రెండు పనులూ ఒకే మనిషికి అప్పజెప్పకూడదు. ఐడీ కార్డులు వెనక్కి తీసుకున్నారు.

ఎందుకు పనిచేయలేదు

ఈ నాలుగింటిలోనూ ఒకటే లోపం. ఎవరు రావాలో, ఏం మాట్లాడాలో, ఏం రాసుకోవాలో నిర్ణయించింది స్టేషనే. ఇంకొకటి, ఇవన్నీ పోలీసులను ఇష్టపడేలా చేయడానికి పెట్టినవి. కాలనీకి ఇష్టం అక్కర్లేదు, జవాబు కావాలి. తన పిటిషన్ ఏమైందో తెలియని మనిషికి వాలీబాల్ ఆడిస్తే ఆ పూట సరదాగా ఉంటాడు, అంతే.

మరి బయటివాళ్లతో కమిటీ వేస్తే దానికి అధికారం ఎక్కడిది? విచారించే అధికారం లేదు, శిక్షించే అధికారం అసలే లేదు. యూనియన్ నాయకుడొకరు 'పళ్లు లేని కమిటీ ఎందుకండీ' అని తీసిపడేశారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ అధికారం వచ్చేదాకా ఆగుదామంటే 2006 నుంచీ ఆగుతూనే ఉన్నాం. నేను ఆలోచించింది ఇది: తప్పెవరిదో తేల్చే పని మనం ఎత్తుకోకుండా, కాగితం నడిచే దారిని మాత్రం చూడగలిగితే? దానికి కొత్త చట్టం అక్కర్లేదు. లలితా కుమారి కేసులో 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది: కాగ్నిజబుల్ నేరం (పోలీసులు కోర్టు అనుమతి లేకుండానే దర్యాప్తు చేయగలిగేది) కనపడితే ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరి, ప్రాథమిక విచారణకు పెట్టినా సరే ఆ సమాచారం స్టేషన్ రోజువారీ రికార్డైన జనరల్ డైరీలో ఎక్కాలి. సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్. 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారుడికి ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ చేయాలంటే 14 రోజుల్లో ముగించాలి. ఇవన్నీ వాళ్లు ఎలాగూ చేయాల్సినవే. మేం అడిగేది చేశారో లేదో చూడనివ్వమని.

పట్టు దొరికిన చోటు

మేం అడిగింది స్టేషనుకొచ్చే పిటిషన్లకు రసీదు పుస్తకం. బిల్లు బుక్కులా కార్బన్ పెట్టి రాసేది: నంబరు, తేదీ, తెచ్చినవారి పేరు, విషయం ఒక్క ముక్కలో, తీసుకున్నవారి సంతకం. తెల్ల కాగితం చించి మనిషి చేతికివ్వాలి, పసుపుది పుస్తకంలో ఉండాలి. రెండు వారాల్లో ఆ నంబరు మీద రాతపూర్వకంగా జవాబు రావాలి: ఎఫ్.ఐ.ఆర్. కట్టామా, ఎన్.సి. (కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం) కిందకు వస్తుందా, సివిల్ వివాదమా, ఎందువల్ల?

స్టేషన్లో రాతపని చూసే రైటరు గట్టిగా వ్యతిరేకించాడు. "సార్, ఈ చీటీ రేపు కోర్టులో నా మెడకే చుట్టుకుంటుంది" అన్నాడు. అతని మాట పెడచెవిన పెట్టాల్సింది కాదు. కింది సిబ్బంది ఒప్పుకోకపోతే పుస్తకం వారంలో బీరువాలోకి వెళ్తుంది. విడమర్చి అడిగితే అతని అసలు భయం ఏమిటో తెలిసింది. ఎఫ్.ఐ.ఆర్. వద్దని పైనుంచి నోటిమాటగా చెప్తారు, రేపు మెమో వచ్చేది మాత్రం అతనికే. అయితే ఈ చీటీ నీ మెడకు కాదు, నీకు అడ్డు అని చెప్పాను. పిటిషన్ తీసుకున్న తేదీ, పైకి పంపిన తేదీ రాసి ఉంటే ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. అతను పూర్తిగా నమ్మలేదు. కానీ రసీదు వెనక 'ఎవరికి పంపారు' అన్న గడి తనే చేర్పించాడు.

ఇది సి.ఐ. మాట మీద నడిచే పనిగా ఉంచకూడదని మొదటే అనుకున్నాం. సి.ఐ.లు బదిలీ అవుతారు. పైగా పోలీసు శాఖలో కాగితం పైనుంచి దిగితేనే కదలిక ఉంటుంది. అందుకే ఈ రసీదు పద్ధతి పాటించాలని ఎస్పీ సంతకంతో మెమో, అంటే రాతపూర్వక ఆదేశం, అడిగాం. ఇక్కడే వరండా కెమెరా పనికొచ్చింది. పరమ్‌వీర్ సింగ్ తీర్పు ప్రకారం జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలో కలెక్టరు, ఎస్పీతో పాటు మేయరు లేదా జిల్లా పరిషత్ అధ్యక్షులు లాంటి ఎన్నికైన వ్యక్తీ ఉండాలి. కెమెరా పాడైతే బాగు చేయించాల్సింది, ఫుటేజీ చూడాల్సింది ఆ కమిటీయే. 'రిపేరులో ఉంది' అన్న జవాబు కాపీ జతచేసి, ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో చెప్పమని మర్యాదగా రాశాం. కొన్నాళ్లకు కెమెరా బాగైంది, మెమో కూడా వచ్చింది. రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు.

ఈ రసీదు పుస్తకాన్ని చూసే సమీక్ష బృందంలో ఎవరుండాలన్నదాని మీద చాలా వాదన జరిగింది. కాలనీ అంగన్‌వాడీ టీచరు, ఒక హమాలీ మేస్త్రి, ఆటో స్టాండు ప్రతినిధి, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, ఇద్దరు పారా లీగల్ వాలంటీర్లు (న్యాయ సేవాధికార కమిటీ తరఫున జనానికి సాయపడేవాళ్లు). కౌన్సిలర్‌ను వద్దన్నాం, ఆయనకు కోపం వచ్చింది. స్టేషన్ పంచాయితీల్లో సగం ఆయన ఫోను మీదే నడుస్తాయి మరి. రౌడీషీట్ ఉన్న ఒక పెద్దాయన్ని పెట్టాలని కాలనీ వాళ్లు పట్టుబట్టారు. పోలీసులు ససేమిరా అన్నారు. సభ్యుడిగా వద్దు, తన సంగతి చెప్పుకోవడానికి పిలుద్దాం అని సర్దాం. అది న్యాయమైన సర్దుబాటేనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

కూర్చునే చోటు కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార కమిటీ గది. స్టేషన్లో కాదు, కాలనీ రామాలయం అరుగు మీదా కాదు. మొదటి గంట బృందం ఒక్కటే పసుపు కాగితాలు చూస్తుంది. ఆడవాళ్ల మీద నేరాలు, పిల్లల కేసులైతే పేరు మూసేసి నంబరు మాత్రమే చూపిస్తారు. దర్యాప్తులో ఉన్న కేసు లోపలి విషయాలు అడగకూడదు. తర్వాత డీఎస్పీ వస్తారు. అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ నంబరుకు జవాబు ఎందుకు వెళ్లలేదు? 'ఫలానా కానిస్టేబుల్ చెడ్డవాడు' అన్న మాట అక్కడికి రానివ్వలేదు. వస్తే డీఎస్పీ తన మనిషిని కాపాడుకునే పనిలో పడతారు, జవాబు మరుగున పడుతుంది. మనిషి మీద ఫిర్యాదులకు వేరే దారి పెట్టాం. వాటిని నేనో ఇంకొక ప్యానెల్ లాయరో రాసి నేరుగా ఎస్పీకి పంపేవాళ్లం.

మొదటి రెండు నెలలూ స్టేషన్లో ఎఫ్.ఐ.ఆర్.లు పెరిగాయి. ఇది జరుగుతుందని ఎస్పీకి ముందే చెప్పి ఉంచడం మంచిదైంది. చెప్పకపోయి ఉంటే నెలాఖరు క్రైమ్ మీటింగులో 'నీ స్టేషన్లో నేరాలు పెరిగాయేం' అని సి.ఐ.ని నిలబెట్టేవారు, మర్నాడే పుస్తకం మూతపడేది. నేరాలు పెరగలేదు, అంతకుముందు లెక్కలోకి రానివి వచ్చాయి. మూడుసార్లు పిటిషన్ ఇచ్చిన ఆమెకు నాలుగోసారి తెల్ల కాగితం దొరికింది, తర్వాత ఎఫ్.ఐ.ఆర్. కాపీ కూడా. ఆటో బ్యాటరీ దొరకలేదు. కానీ దొరకలేదని ఆయనకు రాసి ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి ఆటో లైసెన్సు పక్కనే పెట్టుకుని తిరిగేవాడు, అడిగిన ప్రతివాడికీ చూపించేవాడు.

కార్డన్ సెర్చ్ గురించి మాట్లాడడానికి అప్పుడుగానీ వీలు చిక్కలేదు. డీఎస్పీ వాదనలో పస లేకపోలేదు. గంజాయి రైలు కట్ట మీదుగానే వస్తోంది, దొంగ బళ్లు అక్కడ దొరికిన సందర్భాలున్నాయి. మేం చట్టం దగ్గరే ఉన్నాం. వారంటు లేకుండా సోదా చేయాలంటే బి.ఎన్.ఎస్.ఎస్. 185వ సెక్షన్ కింద దేనికోసం, ఎక్కడ, ఎందుకు అన్నది ముందు రాయాలి. 105వ సెక్షన్ కింద వీడియో తీసి మెజిస్ట్రేటుకు పంపాలి. స్థానికులైన ఇద్దరు సాక్షులుండాలి. ఇవి ఒక్కో ఇంటికి రాయాలంటే కాలనీ మొత్తాన్ని ఒకేసారి సోదా చేయడం కుదరదు. నిషేధించమని మేం అడగలేదు, అడిగితే ఇచ్చేవారూ కాదు. రాతలో పెట్టమన్నాం, ఫోనులోని ఆర్.సి. చెల్లుతుందని సిబ్బందికి చెప్పమన్నాం, ఎత్తిన ప్రతి బండికీ అక్కడికక్కడే రసీదు ఇమ్మన్నాం. తర్వాత ఇంటింటి సోదాలు బాగా తగ్గాయి. అనుమానమున్న ఇళ్లకే వెళ్లడం మొదలైంది.

కుదరనివి, ఇంకా నడుస్తున్నవి

ఆ హమాలీ కుర్రాడు చాలాకాలం తర్వాత, బండి వచ్చాక, స్టేట్‌మెంట్ ఇస్తానని తనే వచ్చాడు. శాఖాపరమైన విచారణ జరిగింది. కొట్టిన కానిస్టేబుల్‌కు ఛార్జ్ మెమో ఇచ్చి, ఎ.ఆర్.కు (ఆర్మ్‌డ్ రిజర్వ్ విభాగానికి) పంపారు. రాత్రంతా ఉంచుకుని డైరీలో రాయకపోవడానికి మాత్రం బాధ్యులు ఎవరూ తేలలేదు. వరండా కెమెరా ఆ రోజు పనిచేసి ఉంటే తేలి ఉండేదేమో. కుటుంబానికి ఇది చాలలేదు, చాలాలని నేనూ చెప్పలేదు. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లడానికి ఘటన జరిగిన రోజు నుంచి ఏడాది గడువుందని చెప్పాను. వాళ్లు వెళ్లలేదు.

రాయి వేసిన కేసులో కాలనీ వాళ్లు ఇంకా వాయిదాలకు తిరుగుతున్నారు. దాన్ని ఎత్తేయించమని బృందం మీద ఒత్తిడి వచ్చింది. కోర్టులో ఉన్నదాన్ని మేం ముట్టుకోబోమని చెప్పాం. ఒక సభ్యుడు అలిగి మానేశాడు. రౌడీషీట్ల సమీక్ష అడిగితే పాతవి కొన్ని మూశారు. ఏ లెక్కన మూశారో, మిగతావి ఏ లెక్కన ఉంచారో చెప్పలేదు.

ఇలాంటిది ఇంకో ఊళ్లో మొదలుపెట్టే లాయర్లు, సంఘాలవాళ్లు అడిగితే నేను ముందు చెప్పేది మెమో గురించే. దాని కాపీ ఒకటి స్టేషన్లో, ఒకటి న్యాయ సేవాధికార కమిటీ ఫైల్లో, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. సి.ఐ. మారాక కొత్తాయన ఈ పుస్తకం ఏంటని అడిగాడు. రైటరు ఆ కాపీ తీసి చూపించాడు. ఆయన చదివి, ఇందులో 'సి.ఐ. స్వయంగా' అని లేదు కదా అని, జవాబులు రాసే పని ఎస్.ఐ.కి అప్పగించాడు. ఆ నెల నుంచి జవాబులు మళ్లీ ఆలస్యమవుతున్నాయి. మెమోలో ఆ మాట చేర్చమని ఎస్పీ ఆఫీసుకు రాశాం, ఇంకా తేలలేదు.